మీకు తెలుసా? 33 రోజులు, 33 లక్షలు, ఒక ఫ్రెంచి ఆట

సాయంత్రం ఆరు దాటితే పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు. ఎర్ర కెపీ టోపీ పెట్టుకున్న పోలీసు ఒకాయన బారికేడ్ పక్కన నిలబడి అందరినీ పక్క వీధిలోకి మళ్ళిస్తూ ఉంటాడు. ఫ్రెంచివాళ్ళు 1954 నవంబరు 1న అధికారం అప్పజెప్పి వెళ్ళిపోయారు గానీ ఆ టోపీని మాత్రం ఇక్కడే వదిలేసి పోయారు. యానాం నుంచి చదువుకోవడానికి వచ్చి మా ఇంట్లోనే ఉంటున్న మా తమ్ముడి కొడుకు మొన్నొక సాయంత్రం ఆ టోపీ వంకా, దాని వెనకున్న పసుపు గోడల వంకా, నీలం పలక మీది ఫ్రెంచి వీధి పేరు వంకా తేరిపార చూసి, "అచ్చం లూమియేర్‌లా ఉందండీ పెదనాన్నా" అన్నాడు.

"అదెక్కడుందిరా?"

"ఆటలోనండీ."

ఈసారి శీర్షికకు సరుకు అలా దొరికింది. వాడు చెప్పిన ఆట పేరు 'క్లేర్ ఆబ్స్‌క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33'. 2025 ఏప్రిల్ 24న విడుదలైంది. తయారైంది దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియే అనే ఊళ్ళో.

పేరు మనకు కొత్తది కాదు

'క్లేర్ ఆబ్స్‌క్యూర్' చిత్రకళలో మాట. బొమ్మలో కొంత భాగం మీద దీపం పడ్డట్టు వెలుగు, మిగతా అంతా చీకటి. ఆ రెంటి పోరులోంచి రూపం పైకి తేలుతుంది. ఇటలీవాళ్ళు దీన్నే కియారొస్కూరో అంటారు. తెలుగులోకి తెచ్చుకోవాలంటే బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. 'వెలుగు నీడలు'. 1961లో ఆదుర్తి సుబ్బారావు తీసిన సినిమా పోస్టర్ల మీద మనవాళ్ళు ఎప్పుడో చదివేసిన పేరు. మావాడికి ఈ సంగతి చెబితే మర్యాదకి నవ్వాడు.

లూమియేర్ అన్నా వెలుగే. పారిస్‌ను పోలిన ఊహానగరం అది. మహావిపత్తులో నేల ముక్కలై, ఈఫిల్ టవర్ ఎండకు పెట్టిన మైనపు ఒత్తిలా వంగిపోయి ఉంటుంది.

నూరేళ్ళు నిండడమంటే ఇదీ

ఎవరైనా పోతే 'నూరేళ్ళు నిండాయి' అంటాం. పోయినవాడికి నలభయ్యేళ్ళే అయినా సరే, అతనికి రాసిపెట్టిన నూరు అంతేనన్నమాట. ఈ ఆట కథ మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడగలదు.

సముద్రానికి ఆవల ఆకాశమంత ఎత్తున ఒక రాతిస్తంభం. దాని పాదం దగ్గర ఒక చిత్రకారిణి ముడుచుకుని కూర్చుని ఉంటుంది. ఏడాదికి ఒక్కసారి లేచి, స్తంభం మీదున్న అంకె చెరిపి, దానికన్నా ఒకటి తక్కువ అంకె వేస్తుంది. వేసిన మరుక్షణం ఊళ్ళో ఆ వయసున్న వాళ్ళంతా పూలరేకులై గాలిలో కలిసిపోతారు. లెక్క నూరుతో మొదలైంది. మొదట్లో ఎవరికీ పెద్దగా పట్టి ఉండదు, నూరేళ్ళ వాళ్ళు ఊళ్ళో ఎందరుంటారు? కథ మొదలయ్యే నాటికి 67 ఏళ్ళు గడిచాయి. ఆ రోజు ఆమె 33 వేసింది. ఊళ్ళో ఇక ముసలివాళ్ళంటూ లేరు. అమ్మమ్మ అనే మాట ఎవరికీ పనికిరాదు. అనాథల సంఖ్య పెరిగిపోయింది. పిల్లల్ని కనాలా వద్దా అన్నది ప్రతి జంటకూ గొడవే.

ఈ చెరిపివేతకు వాళ్ళు పెట్టిన పేరు 'గొమ్మాజ్'. ఫ్రెంచిలో గొమ్ అంటే బడిపిల్లల రబ్బరు. ఇంత చావును అంత చిన్న వస్తువు పేరుతో పిలవడం నాకు కథంతటిలోకీ బాగా నచ్చిన సంగతి. ఏటా ఒక దండు పడవెక్కి ఆ చిత్రకారిణిని ఆపడానికి వెళుతుంది, ఎవరూ తిరిగిరారు. ఈసారి వెళ్ళేది 33 అంకెనే పేరుగా పెట్టుకున్న దండు. అందులో గుస్తావ్ అనే ఇంజనీరుకు 32 ఏళ్ళు. అంటే చేతిలో ఉన్నది ఒక్క ఏడాది.

ముప్ఫై మూడు అనగానే మనకు ముక్కోటి దేవతల లెక్క గుర్తొస్తుంది. ఎనిమిది మంది వసువులు, పదకొండు మంది రుద్రులు, పన్నెండు మంది ఆదిత్యులు, ఇద్దరు అశ్వినులు. ఆ లెక్కకూ ఈ ఆటకూ ఏ చుట్టరికమూ లేదు, ఊరికే గుర్తొచ్చింది.

వేషం, వంతు

ఆర్‌పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్ అని పిల్లలు గబగబా చెప్పేస్తారు. పెద్దవాళ్ళకు అర్థం కావాలంటే 'వేషం కట్టే ఆట' అంటే సరిపోతుంది. పగటివేషగాడు ఉదయం శక్తివేషం కట్టి, మర్నాడు సోమయాజులు వేషంలో వచ్చి మనల్ని నవ్వించినట్టు, ఇక్కడ ఆడేవాడు ఒక పాత్రలోకి దిగి, దాని తరఫున మాట్లాడి, దెబ్బలు తిని, బలం పెంచుకుంటూ పోతాడు. ఈ జాతి ఆటలకు మూలపురుషుడు 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. దానికి కంప్యూటరూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, పాచికలు, కబుర్లు చెప్పే నలుగురు మనుషులు ఉంటే చాలు.

జపానువాళ్ళు 1980లలో దీన్ని టీవీ తెర మీదికి తెచ్చి 'వంతులవారీ' పద్ధతిని ఇంటింటికీ పరిచయం చేశారు. నువ్వొక దెబ్బ, నేనొక దెబ్బ. అష్టాచెమ్మా ఆడినవాళ్ళకు ఇది విడమరచి చెప్పాల్సిన పని లేదు. పాత గుళ్ళ మండపాల్లో బండల మీద గీసిన పులిజూదం గీతలు చూశారుగా, అదీ వంతులాటే. కొన్నేళ్ళ కిందట పెద్ద కంపెనీలన్నీ ఈ పద్ధతి పాతబడిందని తేల్చేశాయి. ఎదురుచూసే ఓపిక నేటి కుర్రాళ్ళకు లేదన్నారు.

మోంపెలియే వాళ్ళు వంతుల్ని ఉంచేశారు, కాకపోతే ఒక మెలిక పెట్టారు. అవతలివాడి వంతులో మనం చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. వాడి కత్తి మీద పడే సరిగ్గా ఆ క్షణంలో మీట నొక్కితే దెబ్బ తగలదు, పైగా ఎదురు దెబ్బ మనది. కన్నుమూసి తెరిచేంత తేడా వచ్చినా అంతే సంగతులు. కోలాటంలో కర్ర వచ్చేచోటికి కర్ర అందించడం లాంటిది. ఆలస్యమైతే వేళ్ళు వాచిపోతాయి.

ఉద్యోగం విసుగెత్తితే

గియోమ్ బ్రోష్ అనే కుర్రవాడు యూబీసాఫ్ట్ అనే పెద్ద ఆటల కంపెనీలో పనిచేసేవాడు. విసుగెత్తి, ఖాళీ వేళల్లో సొంతంగా ఒక ఆట అల్లుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత ఉద్యోగం మానేసి ఫ్రాంస్వా మెరీస్, టామ్ గియెర్మాతో కలిసి 2020లో శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ అనే చిన్న సంస్థ పెట్టాడు. ఈ ఆట చేసింది వీళ్ళే. జట్టు పెరిగి పెరిగి ముప్ఫై మంది చుట్టుపక్కల ఆగింది. మోనోకో అనే కుక్క అదనం. ఆ కుక్క పేరే ఆటలో ఒక పాత్రకు పెట్టారు.

వీళ్ళు మనుషుల్ని పట్టుకున్న తీరు ఆట కథకన్నా వింతగా ఉంటుంది. లోరియెన్ టెస్టార్ అనే గిటారు మాస్టారు తను కట్టిన బాణీలను ఇంటర్నెట్‌లో పెట్టుకుంటుంటే బ్రోష్ చెవిన పడ్డాయి. అంతకుముందు ఆయన ఏ ఆటకూ సంగీతం చేసి ఎరుగడు. దీనికి మాత్రం 154 ట్రాకులు కట్టాడు. మొత్తం వినాలంటే ఎనిమిది గంటల పైమాటే. ఆ ఆల్బమ్ అమెరికాలో బిల్‌బోర్డ్ శాస్త్రీయ సంగీత పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. రచయిత్రి జెన్నిఫర్ స్వెడ్‌బర్గ్-యెన్ మొదట గొంతు ఇవ్వడానికి వచ్చిన మనిషి. పాత్రలకు గొంతులు కావాలని రెడిట్‌లో పెట్టిన ప్రకటన చూసి తన గొంతు పంపింది. చివరికి కథారచనలో ప్రధాన బాధ్యత ఆమె చేతికే వచ్చింది.

ఇంకో చిత్రం. ఇంత ఫ్రెంచి వాసన కొట్టే ఆట సంభాషణలు మొదట రాసింది ఇంగ్లీషులో. ఫ్రెంచిలోకి తర్వాత అనువదించారు. ఇంగ్లీషు పాఠంలో కూడా పాత్రలకు కోపం వచ్చినప్పుడు తిట్లు మాత్రం ఫ్రెంచిలోనే వస్తాయి. అది నాకు న్యాయంగానే తోచింది. మద్రాసులో మూడు తరాలుగా స్థిరపడి ఇంట్లో కూడా అరవమే మాట్లాడే మా బంధువులున్నారు. కాలికి రాయి తగిలితే మాత్రం వాళ్ళకు తెలుగు వచ్చేస్తుంది.

లెక్క మన పద్ధతిలోనే అందం

మొదటి మూడు రోజుల్లో 10 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. 33 రోజులు గడిచేసరికి 33 లక్షలు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని మూడు పాయింట్ మూడు మిలియన్లు అని చెప్పుకుంటారు. లక్షలున్న భాషలో ఆ ముప్ఫై మూళ్ళు ఎంత ముచ్చటగా జతకుదిరాయో చూడండి. పైగా వీళ్ళ ఆట రావడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, ఏప్రిల్ 22న, 'ఆబ్లివియన్' అనే పాత మహా ఆటను కొత్త హంగులతో ఒక పెద్ద కంపెనీ చెప్పాపెట్టకుండా విడుదల చేసింది. అగ్రహీరో సినిమా పక్కన చిన్న సినిమా పడ్డట్టే. అయినా నిలబడింది.

2025 డిసెంబరు 11న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన గేమ్ అవార్డ్స్‌లో ఏడాది మేటి ఆటతో కలిపి 9 బహుమతులు పట్టుకుపోయారు. అంతకుముందు రికార్డు 7, 2020లో 'ద లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగానిది. బహుమతి అందుకుంటూ బ్రోష్ ధన్యవాదాలు చెప్పినవాళ్ళలో యూట్యూబ్‌లో ఆటల తయారీ పాఠాలు పెట్టేవాళ్ళున్నారు. మొహం కూడా చూపించకుండా, అర్ధరాత్రి గొణుగుడు గొంతుతో 'ఇప్పుడు ఇక్కడ క్లిక్ చేయండి' అని చెప్పేవాళ్ళకు అంత పెద్ద వేదిక మీద దణ్ణం పెట్టినవాళ్ళను నేనింతకు ముందు చూడలేదు.

దేశాధినేత మాట మార్చారు

2023 వేసవిలో ఫ్రాన్సులో అల్లర్లు జరిగాయి. పోలీసు తూటాకు ఒక పదిహేడేళ్ళ కుర్రాడు బలైన తర్వాతి సంగతి. ఆ రోజుల్లో అధ్యక్షుడు మేక్రాన్, వీడియో ఆటలు తలకెక్కిన కొందరు కుర్రాళ్ళు వాటినే వీధుల్లో ఆడుతున్నారన్న అర్థం వచ్చేలా మాట్లాడి చీవాట్లు తిన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి అదే అధ్యక్షుడు ఈ ఆట చేసినవాళ్ళను ఫ్రాన్సు ధైర్యానికి, సృజనకు నిదర్శనమని మెచ్చుకుంటూ పోస్టు పెట్టారు. ఇల్లు పాడు చేసే వ్యసనమన్నవాళ్ళే గెలిచాక మావాడే అనడం ఒక్క మన చుట్టాలకే ఉన్న అలవాటు కాదన్నమాట.

ఆ దేశంలో ఆటలు చేసేవాళ్ళకు రాజలాంఛనాలు కొత్త కాదు. అదే మోంపెలియేలో 'రేమన్' ఆట సృష్టించిన మిషెల్ ఆన్సెల్‌కు 2006లోనే కళలు, సాహిత్యాల శ్రేణిలో షెవలియే బిరుదు ఇచ్చారు. జపాన్ నుంచి మారియో సృష్టికర్త షిగెరు మియమోతో కూడా అదే రోజు అందుకున్నారు. సత్యజిత్ రాయ్ లాంటివాళ్ళను ఫ్రాన్సు సత్కరిస్తే మురిసిపోయిన మనం, మీసాల ప్లంబరు బొమ్మ గీసినాయనకూ అక్కడ గౌరవం దక్కిందన్న వార్తను పట్టించుకోలేదు.

'చిన్న సినిమా' తగువు

మన దగ్గర 'చిన్న సినిమా' అంటే ఎంత చిన్నది అని అడిగితే ఎవరూ తేల్చి చెప్పరు. ఆటల లోకంలో 'ఇండీ', అంటే స్వతంత్ర ఆట, అన్న మాటకూ అదే గతి. దీని ఖర్చు కోటి డాలర్లలోపే అని బ్రోష్ చెప్పాడు. అమెరికా పెద్ద ఆటల బడ్జెట్ ముందు అది టీ ఖర్చు. కానీ నిజంగా ఇంట్లో కూర్చుని ఒక్కడే ఆట చేసేవాడికి కోటి డాలర్లంటే కళ్ళు తిరుగుతాయి. పైగా కెప్లర్ అనే ప్రచురణ సంస్థ డబ్బు, పేరున్న హాలీవుడ్ నటుల గొంతులు, పోరాట దృశ్యాల కదలికలకు కొరియా నుంచి కొందరు. మరి స్వతంత్రం ఎక్కడ అని కొందరి గొణుగుడు. గేమ్ అవార్డ్స్‌వాళ్ళు మాత్రం మేటి ఆట, మేటి స్వతంత్ర ఆట రెండూ దీనికే ఇచ్చేశారు.

పది రోజులు తిరక్కుండానే ఎదురుదెబ్బ. ఇండీ గేమ్ అవార్డ్స్ అనే మరో సంస్థ తాను ఇచ్చిన రెండు బహుమతుల్ని వెనక్కి తీసుకుంది. కారణం కృత్రిమ మేధ. తయారీ మధ్యలో తాత్కాలికంగా వాడిన కొన్ని యంత్రపు బొమ్మలు పొరపాటున విడుదలలోకి వచ్చేశాయి. తర్వాత తీసేశారు. కానీ ఆ పోటీ నిబంధన ప్రకారం యంత్రం చేయి అసలు పడకూడదు. మేటి ఆట బహుమతి 'బ్లూ ప్రిన్స్'కు వెళ్ళింది. చిత్రకారిణి చేతిలో లోకం చెరిగిపోయే కథకు యంత్రం గీసిన బొమ్మల వల్ల చిక్కు రావడం, దీనికి నవ్వాలో ఏం చేయాలో తెలియదు.

పోపుగారి ముందు

స్వతంత్ర ఆటలు ఎంత దూరం వెళతాయో చెప్పాలంటే 'అండర్‌టేల్' ముచ్చట తప్పదు. టోబీ ఫాక్స్ అనే అమెరికన్ కుర్రాడు 5,000 డాలర్లు కావాలని జనాన్ని అడిగితే 2,398 మంది కలిసి 51,124 డాలర్లు ఇచ్చారు. కథ, సంగీతం, కోడింగ్ చాలావరకు ఒక్కడే చూసుకుని 2015 సెప్టెంబరు 15న విడుదల చేశాడు. భూమి కింద పడిపోయిన ఒక బిడ్డ, చుట్టూ రాక్షసులు. అయితే ఆటలో ఎవ్వరినీ చంపకుండా, మాటలతో మచ్చిక చేసుకుంటూ చివరి దాకా వెళ్ళిపోవచ్చు. చంపితే ఆట మరచిపోదు, తర్వాతెప్పుడో గుర్తుచేసి మరీ సిగ్గుపడేలా చేస్తుంది. మొదట్లోనే ఒక మేకతల్లి ఆ బిడ్డకు పై అనే తీపి వంటకం చేసి పెడుతుంది. ఆ తల్లిని పొరపాటున చంపేసి ఏడ్చి, ఆట మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టినవాళ్ళు లోకమంతా ఉన్నారు.

2022 జనవరిలో వాటికన్‌లో పోప్ ఫ్రాన్సిస్ ముందు ఒక సర్కసు బృందం గారడీ చేసింది. వెనక మోగిన సంగీతం ఏమిటనుకున్నారు? ఆ ఆటలో ఒక నవ్వుల ఎముకలగూడు చావుపోరాటానికి దిగినప్పుడు వచ్చే 'మెగలోవేనియా'. పెద్దలంతా గంభీరంగా కూర్చున్నారు. లోకంలోని కుర్రకారు మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంది.

ఛందస్సు పేరున్న ఆట, దుబాసీ పేరున్న ఛందస్సు

కెనడాలోని టొరంటోలో విసై గేమ్స్ అనే చిన్న జట్టు 2023లో 'వెణ్బా' అనే ఆట తెచ్చింది. 1980ల్లో తమిళనాడు నుంచి కెనడా వెళ్ళిన ఇల్లాలు, ఆమె భర్త, తమిళం మాట్లాడ్డానికి మొహమాటపడే కొడుకు. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం తడిసి, చిరిగి, కొన్ని పంక్తులు చెరిగిపోయాయి. చెరిగినచోట ఏముందో మనమే ఊహించి వండాలి. మొదటి వంట ఇడ్లీ. ఆ ఆటకు 2024లో బాఫ్టా వారి మేటి తొలి ఆట బహుమతి వచ్చింది. ఆ ఇల్లాలి పేరే వెణ్బా. అది తమిళంలో ఒక ఛందస్సు పేరు. తిరుక్కురళ్ నడిచేది అందులోనే. సీసమ్మ, కందమ్మ అని పిల్లలకు పేర్లు పెట్టే ధైర్యం మనకింకా రాలేదు.

ఇక్కడ పుదుచ్చేరి తెలుగువాళ్ళకు తెలియాల్సిన మాట ఒకటుంది. పెద్ద మార్కెట్టు దగ్గర్లో ఆనందరంగ పిళ్ళై ఇల్లు ఇప్పటికీ ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి గవర్నరు డ్యూప్లేకు దుబాసీ ఆయన. ఊళ్ళో రోజూ జరిగిన సంగతులను 1736 నుంచి పాతికేళ్ళు తమిళంలో దినచర్యగా రాసిపెట్టాడు. ఆయన ఆదరించిన తెలుగు కవి కస్తూరి రంగకవి తన లక్షణగ్రంథానికి ఏకంగా ఆయన పేరే పెట్టి 'ఆనందరంగరాట్ఛందము' అన్నాడు. ఫ్రెంచి కొలువు, తమిళ దినచర్య, తెలుగు ఛందస్సు, మూడూ ఒకే గడపలో. ఎవరైనా వేషం కట్టే ఆట చేస్తానంటే ఈ దుబాసీ కన్నా మంచి వేషం ఏముంటుంది? ఒక చెవిలో గవర్నరు, రెండో చెవిలో వర్తకులు, ఎవరికి ఏ మాట ఏ భాషలో ఎంత వరకు చెప్పాలో తేల్చుకోవడమే యుద్ధం. ఒక్క కత్తీ దూయనక్కర్లేదు.

మన హైదరాబాదు అసురుడు

తెలుగు నేల మీద ఇలాంటి ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. హైదరాబాదులో జైనుద్దీన్ ఫహాద్, మిత్రులు ఓగర్ హెడ్ స్టూడియో పేరుతో చిన్న జట్టు కట్టి, 2017లో 'అసుర' అనే ఆటను స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో విడుదల చేశారు. పుట్టగానే చంపబడి, తిరిగి ప్రాణం పోసుకున్న అర్ధ రాక్షసుడు పగ తీర్చుకోవడం కథ. వేషం కట్టే ఆటకు కత్తి విసురు జోడించారు. ఓడిపోతే మొదటి నుంచి ఆడాలి. అయితే మళ్ళీ మొదలెట్టినప్పుడల్లా పేకముక్కలు కలిపి పంచినట్టు దారులు మారిపోతాయి. దారులే కాదు, అసురుడు నేర్చుకునే విద్యల చెట్టు కూడా కొమ్మలు మార్చుకుని కొత్తగా మొలుస్తుంది. నిన్నటి కిటుకు ఇవాళ చెల్లదు.

కథానాయకుడి వేషం వదిలి రాక్షసుడి వేషం ఎందుకు అని బయటివాళ్ళు అడగవచ్చు, మనం అడగం. 1977లో 'దానవీరశూరకర్ణ'లో దుర్యోధనుణ్ణి చూసి ఈలలు వేసిన జాతి మనది. ఇంటికి వచ్చాక కృష్ణుడికే దణ్ణం పెట్టుకున్నాం, అది వేరే సంగతి. ఆ రెండు వేషాలూ ఒక్కరే కట్టారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

'అసుర' కన్నా మూడేళ్ళ ముందే, 2014లో, భోపాల్‌లోని పైరోడాక్టిల్ 'అన్‌రెస్ట్' తెచ్చింది. ప్రాచీన భారతాన్ని పోలిన ఊహారాజ్యం, కరువు, పెళ్ళి ఇష్టంలేని పేదింటి పిల్ల. కత్తి కన్నా మాటకు బలమెక్కువ ఉన్న ఆట. పుణె నుంచి 2020లో వచ్చిన 'రాజీ' పహాడీ చిత్రాల రంగులతో గేమ్ అవార్డ్స్ తొలి ఆటల పోటీ దాకా వెళ్ళింది. గెలిచిందా అని అడగకండి.

ఇది ఆ ఆట కాదు

ఊళ్ళో మా పిన్నికి ఫోన్లో ఈ ముచ్చట్లు చెబుతుంటే మధ్యలో ఆపి, "ఆన్‌లైన్ ఆటలు గవర్నమెంటోళ్ళు మూసేశారు కదరా, మీవాడు ఇంకా ఆడుతున్నాడా?" అని కంగారుపడింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఒకసారి డబ్బిచ్చి కొనుక్కుని, ఇంట్లో కూర్చుని కథలా ఆడుకునే ఆటల జోలికి అది పోలేదు. పేకాటకూ పులిజూదానికీ ఉన్నంత తేడా ఉంది పిన్నీ అంటే, "రెంటిలోనూ మీ బాబాయి ఓడిపోయేవాడు" అని ఫోను పెట్టేసింది.

వీపు మీద రొట్టె

లూమియేర్‌లోనూ, ఆ బయట మూలమూలల్లోనూ మూకాభినయగాళ్ళు దాక్కుని ఉంటారు. మొహానికి సున్నం, చారల చొక్కా. నోరు మెదపరు, గాలిలో లేని గోడను తడుముతారు. వెతికి పట్టుకుని ఓడిస్తే కొత్త జుట్టు ముడులు, కొత్త దుస్తులు బహుమానం. ఆటలోని వేషాల్లో ఒకదాని పేరు 'బగెట్'. తలమీద బెరే టోపీ, వీపున అమ్ములపొదిలో బాణంలా గుచ్చిన మూరెడు రొట్టె. ఫ్రెంచివాళ్ళను ఎగతాళి చేయడానికి లోకం వాడే సామాను మొత్తాన్ని వాళ్ళే ముందుగా నెత్తికెత్తుకున్నారు. చావును గురించిన ఇంత బరువైన కథలో, కన్నీళ్ళ ఘట్టంలో కూడా కథానాయిక వీపున ఆ రొట్టె ఊగుతూనే ఉంటుంది. బగెట్ చేసే విద్యను 2022లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చిందని ఆ రొట్టె చూసినప్పుడల్లా మావాడికి గుర్తుచేస్తాను. వాడు చెవుల్లో హెడ్‌ఫోన్స్ సర్దుకుంటాడు.

ఆదివారం ఉదయం అదే రొట్టె చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను. వంకర పోకుండా, కాగితం చుట్టి, ఇంకా వేడిగా ఉంది. "ఒక్కసారి మీరు ఆడండి పెదనాన్నా" అని మావాడు కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు. రొట్టె కొస తుంచి నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా మూకాభినయగాడు.

"వాడి చెయ్యి చూడకండి, భుజం చూడండి. భుజం కదలగానే నొక్కండి."

భుజం చూశాను. కదిలింది. నొక్కాను. అప్పటికే దెబ్బ పడిపోయింది.

"తొందరపడ్డారా, ఆలస్యమైందా?"

"ఏమోరా."

మళ్ళీ ఆడాను, మళ్ళీ ఆడాను. నోరు తెరిచి ఒక్క మాట కూడా అనని వాడి చేతిలో మూడుసార్లు ఓడిపోయాను. నాలుగోసారికి కుర్చీ వెనక్కి ఇచ్చేశాను. మిగిలిన రొట్టె మావాడే తినేశాడు.